ఇంటి కంప్రెసర్

తప్పు మీది. ఒక్క కిక్కుకే బండి అందుకుందని మేస్త్రి భుజం తట్టి వెళ్లిపోయిన ప్రతి ఒక్కరిదీ. కార్బొరేటర్ విప్పించాలంటే ఈయన దగ్గరే విప్పించాలి, ఆ చేతిలో ఏదో ఉంది అని పదిమందికి చెప్పి పంపినవాళ్లదీ. గాలి కొట్టే మెషిన్ ఏది మేస్త్రీ అని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో ఉందిలెండి కంప్రెసర్, దానికి కరెంటు అక్కర్లేదు, రెండు పూటలా తిండి పెడితే చాలు" అని ఆయన అన్నప్పుడల్లా పొట్ట పట్టుకుని నవ్వారే, వాళ్లందరిదీ. అందరికంటే ముందు మేస్త్రిది. ఆ ఊదే ఊపిరి ఎవరిది, ఊదినాక ఆ మనిషి లోపలికి పీల్చుకునేదేమిటి అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఆ ఉదయం కూడా ఎవరూ అడగలేదు.

మేస్త్రి షాపు బస్సులు తిరిగే మలుపులో ఉంటుంది. ఒక్కో బస్సు వెళ్లినప్పుడల్లా గుప్పెడు దుమ్ము లోపలికి వచ్చి కూర్చుంటుంది. చక్రాలకీ చైన్లకీ దుమ్ముతో పేచీ లేదు. కార్బొరేటర్ అలా కాదు. దాని లోపల చిటికెన వేలి గోరంత ఇత్తడి జెట్లు ఉంటాయి, ఆ జెట్లకి సూది మొన దూరనంత బెజ్జాలు ఉంటాయి, ఆ బెజ్జంలో ఒక్క నలక పడితే బండి రోడ్డు మధ్యలో మొరాయిస్తుంది. అందుకని షాపు పెట్టిన కొత్తల్లోనే మేస్త్రి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కార్బొరేటర్ షాపులో ఊడదీయడం, గుడ్డలో చుట్టి వీధి చివర ఉన్న ఇంటికి పట్టుకెళ్లడం, వంటింటి పక్క గదిలో కిటికీ దగ్గర బల్ల మీద పెట్టడం. మిగతాది ఆయన భార్య చూసుకునేది.

ఆవిడకి నేర్పింది ఆయనే. విప్పిన ముక్కలు విప్పిన వరసలోనే కోడిగుడ్ల ట్రే గుంటల్లో పెట్టాలి. పాత పెట్రోల్ జిగురుగా పట్టిన చోట అరిగిపోయిన టూత్ బ్రష్‌తో రుద్దాలి. జెట్టుని పెట్రోల్లో నానబెట్టి, తీసి, పెదాల మధ్య పెట్టుకుని ఊదాలి. తరవాత కిటికీ వైపు ఎత్తి చూడాలి. బెజ్జంలోంచి వెలుగు గుండ్రంగా కనిపిస్తే సరే, ఏ మూలైనా కొరికినట్టు కనిపిస్తే మళ్లీ ఊదాలి. తీగ మాత్రం దూర్చకూడదు. తీగ పెడితే బెజ్జం పెద్దదై బండి పెట్రోల్ తాగేస్తుంది. "తీగ గాయం చేస్తుంది, ఊపిరి చెయ్యదు" అని పెళ్లయిన కొత్తల్లో ఆయన ఎంతో ముద్దుగా చెప్పాడు. ఆ మాట ఆయనకి గుర్తుంది. ఆ రోజు గడిచేసరికి మరీ గుర్తుండిపోయింది.

ఉదయం కూతురు చంటాణ్ణి ఎత్తుకుని వచ్చేసరికి ఆవిడ పొయ్యి ముందు పాలగిన్నెకి కాపలా కాస్తూ నిలబడి ఉంది. ఈమధ్య ఆవిడకి అదో అలవాటైంది. పాలు పెట్టిందంటే అక్కణ్ణుంచి కదలదు, పిలిచినా పలకదు. పోలీసుల కాపలా కూడా ఇంత గట్టిగా ఉండదని మేస్త్రి వెక్కిరించాడు.

కూతురు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. అల్లుడు లారీ తీసుకుని వెళ్లాడంటే వారాల తరబడి రోడ్డు మీదే. ప్రసవం సెలవు అయిపోయాక పిల్లాణ్ణి ఎవరి దగ్గర ఉంచాలా అని కూతురు తల పట్టుకుంటే, నా దగ్గర వదిలెయ్యి అని వాళ్లమ్మే ముందుకొచ్చింది. అప్పటినుంచీ ఇంట్లో అందరికంటే హుషారైన మనిషి ఆవిడే. ఊయల తెచ్చి తన బల్ల పక్కనే వేయించుకుంది. ఒక చేత్తో ఊయల తాడు, ఒక చేత్తో బ్రష్షు. పిల్లాడికి "చిన్న మేస్త్రి" అని పేరు కూడా పెట్టేసింది.

పాలు దించాక ఆవిడ పిల్లాణ్ణి ఊయల్లో వేసి పక్కన కూర్చుంది. "అమ్మా, వాడు పని కానిచ్చాడు. ఇక్కడికి గుప్పున కొడుతోంది. పక్కనే కూర్చుని నీకు తెలియలేదా?" అంది కూతురు చెప్పులు వేసుకుంటూ.

ఆవిడ గబుక్కున పిల్లాడి గుడ్డ చేత్తో తడిమి చూసి, అవునే అంటూ లేచింది.

"మీ అమ్మకి పెట్రోల్ కంపు ముందు ఏదీ ఆనదులే" అని మేస్త్రి నవ్వాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ రోజు బల్ల మీదున్నది కరెంటు మీటర్లు చూసే ఆయన బండి కార్బొరేటర్. ఆయనకి కాళ్లూ చేతులూ ఆ బండే, సాయంత్రానికి కావాలన్నాడు. బల్ల కింద ఒకేలాంటి రెండు డబ్బాలు ఉంటాయి. ఒకదాన్లో పెట్రోల్, ఇంకోదాన్లో రబ్బరు ముక్కలు కడిగే సబ్బునీళ్లు. మేస్త్రి బయల్దేరుతూ వెనక్కి తిరిగి చూసేసరికి ఆవిడ ఒక డబ్బాలో వేలు ముంచి, గాల్లో ఊపి, వేలి కొస వంక చూసుకుంటోంది. చిన్నపిల్ల ఆటలా అనిపించింది ఆయనకి. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనం వేళకి పిల్లాడికి పాలివ్వడానికి కూతురు ఇంటికి వచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే గ్యాస్ వాసన మొహాన కొట్టింది. పొయ్యి మీద పాలు పొంగి, మంట ఆరి, గ్యాస్ బుస్సుమని పోతూనే ఉంది. పక్క గదిలో, తలుపు బార్లా తీసి ఉండగా, వాళ్లమ్మ కిటికీ వైపు తిరిగి జెట్టుని వెలుగుకి ఎత్తి చూసుకుంటోంది. ఊయల్లో పిల్లాడు నిద్రపోతున్నాడు. బల్ల కింద పెట్రోల్ డబ్బా మూత తీసే ఉంది.

కూతురు పొయ్యి కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, పిల్లాణ్ణి లాక్కున్నట్టు ఎత్తుకుని, రెండో చేత్తో అమ్మని ఈడ్చుకుని వీధిలోకి పరిగెత్తింది. అక్కణ్ణుంచే నాన్నకి ఫోన్ చేసింది.

మేస్త్రి చేతుల గ్రీజు తుడుచుకోకుండా వచ్చాడు. వచ్చేసరికి ఎదురింటి టైలరమ్మ, ఆమె దగ్గర బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు, దారినపోయేవాళ్లు అందరూ గుమిగూడి ఉన్నారు. కూతురు అరుగు మీద కూర్చుని పిల్లాణ్ణి గుండెకి అదుముకుని ఉంది. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో ఇంకా ఆ జెట్టు ఉంది.

భయం ఆయన నోట్లోకి వచ్చేసరికి కోపమైపోయింది. పిల్లాడు పోయేవాడు, ఇల్లు లేచిపోయేది, వీధి వీధంతా తగలబడేది అని ఒకటే అరుపు. జనం ఉన్నారన్న స్పృహ లేదు. ఉంటే ఇంకా ఎక్కువే అరిచేవాడేమో.

"ముక్కు ఎక్కడ పెట్టుకుని కూర్చున్నావు? వీధిలోకి వచ్చింది ఆ వాసన. నీకు రాలేదా?"

ఆవిడ పాలు పెట్టిన సంగతి మర్చిపోయానంది. అంతే.

"మర్చిపోయావు. ఇన్నేళ్లలో నీ నెత్తిన నేనేం పెట్టాను, ఊదే పని తప్ప? ఒక్క పిల్లాణ్ణి చూసుకోమంటే అదీ చేతకాలేదు."

టైలరమ్మ ఏదో చెప్పబోయింది. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు, మా ఇంటి సంగతి మేం చూసుకుంటాంలే అన్నట్టు. టైలరమ్మ ఆవిడ వంక చూసింది. ఆవిడ వద్దన్నట్టు తల ఊపింది. ఆ చూపుల మాట కూడా మేస్త్రికి అప్పుడు అర్థం కాలేదు.

ఇల్లంతా గాలి ఆడి వాసన పోయాక లోపలికి వెళ్లారు. కూతురు పిల్లాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని వాడి బట్టలు మడతపెట్టి సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. ఇంక వాణ్ణి ఇక్కడ ఉంచేది లేదని, దొరికితే మనిషిని పెట్టుకుంటానని, దొరక్కపోతే ఉద్యోగం మానేస్తానని గోడకి చెప్పినట్టు చెప్పింది. మేస్త్రి అదే మంచిదన్నాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ సంచి వంకే చూస్తోంది. ఒక్కో చొక్కా లోపలికి వెళ్తుంటే ఆవిడ మొహం కొంచెం కొంచెంగా ఖాళీ అవుతోంది.

ఇంతలో బయట గుమ్మం దగ్గర మీటరాయన గొంతు వినిపించింది. బండి అయిందా మేస్త్రీ, షాపులో లేరంటే ఇటొచ్చాను, మీ కంప్రెసర్ ఇంకా ఊదలేదా అని నవ్వుతూ అడుగుతున్నాడు. జరిగింది ఆయనకి తెలియదు. కాసేపు అరుగు మీద కూర్చోమని చెప్పి మేస్త్రి లోపలికొచ్చాడు. పని మీద కోపం చూపించే మనిషి కాదు ఆయన. ఆవిడ వదిలేసిన కార్బొరేటర్ ముందు, ఆవిడ పీట మీద, చాలా ఏళ్ల తరవాత కూర్చున్నాడు.

ఆ పీట దగ్గర గాలి ఎంత బరువుగా ఉందో ఆయనకి అప్పుడే తెలిసింది. కూర్చున్న కాసేపటికే కణతలు లాగాయి. తలుపులన్నీ తీసి ఉన్నా అలా ఉంది. రోజూ ఎలా ఉంటుందో అన్న ఆలోచన ఒకటి వచ్చి, నిలబడకుండా పోయింది.

ట్రే గుంటల్లో ముక్కలన్నీ వరసలో ఉన్నాయి. ఫ్లోటు, సూది, స్క్రూలు, స్ప్రింగు. ఆవిడ వీధిలోకి పట్టుకెళ్లిన జెట్టు కూడా దాని గుంటలోకి వచ్చేసింది. అంత గోలలోనూ తెచ్చి పెట్టింది. జెట్టుని ఇంకోసారి పెట్రోల్లో ముంచుదామని మేస్త్రి ఒక డబ్బా అందుకున్నాడు. ఏ డబ్బా ఏదో తెలుసుకోవడానికి, ఎవరైనా చేసేదే, ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అక్కడే ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఉదయం ఆవిడ వేలు ముంచింది. గాల్లో ఊపి ఆరిందా లేదా అని చూసుకుంది. పెట్రోల్ అయితే చల్లగా తగిలి చిటికెలో ఆరిపోతుంది, సబ్బునీళ్లయితే ఆరవు. పక్కన నిలబడితే తల తిరిగే పెట్రోల్‌ని ఆవిడ వేలితో పోల్చుకుంటోంది. పాలగిన్నెకి కాపలా. చేత్తో తడిమిన పిల్లాడి గుడ్డ. ఈమధ్య వండినప్పుడల్లా కాస్త గిన్నెలో వేసుకుని, మాడిందేమో చూడమ్మా అని టైలరమ్మ దగ్గరికి పట్టుకెళ్లడం. ఇంజన్ చప్పుడు వీధి మలుపులో వినిపించగానే ఏ వాల్వు వదులైందో చెప్పే మనిషికి ఇంట్లో ఇన్నాళ్లుగా మోగుతున్న చప్పుడు వినపడలేదు.

"ఇటు రా" అన్నాడు. ఆ గొంతు విని కూతురు కూడా తలెత్తింది.

ఆవిడ వచ్చింది. మేస్త్రి రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఏది పెట్రోల్?"

ఆవిడ చెయ్యి మామూలుగానే ముందుకొచ్చింది. మేస్త్రి డబ్బా మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వేలు కాదు. వాసన చూసి చెప్పు."

ఆవిడ వంగలేదు. డబ్బా వంక కాసేపు చూసి, "వేలితో అయితే చెప్తానండీ" అంది.

కూతురి చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది. మళ్లీ ఆవిడే చెప్పింది, ఎవరి మీదా నేరం మోపని గొంతుతో.

"ముందు పువ్వులు పోయాయి. తరవాత సబ్బు. తరవాత మాడిన వాసన. పెట్రోల్ అన్నిటికంటే ఆఖర్న పోయింది. అది తెలిసినన్నాళ్లూ నా ముక్కు బాగానే ఉందనుకున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్పాను. మీరు గుర్తు పెట్టుకోలేదు. వాసన తెలియట్లేదండీ అన్నాను. జలుబన్నారు. ఇంకోసారి షాపుకి వచ్చినప్పుడు చెప్పాను. మంచిదేగా, మురిక్కాలవ బాధ తప్పింది అన్నారు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను."

మేస్త్రికి ఆ రోజు గుర్తొచ్చింది. జోకు గుర్తొచ్చింది, ఎవరెవరు నవ్వారో గుర్తొచ్చింది. ఆవిడ మొహం ఎలా ఉందో మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. ఆ పూట ఆవిడ వైపు చూడలేదు మరి. కంప్రెసర్ కొనమని కూతురు కూడా చాలాసార్లు పోరింది. ఉన్నది ఉండగా ఇంకోటి ఎందుకే అన్నాడు. ఉన్నది అంటే ఈవిడ. ఊపిరి ఊరికే వస్తుంది కదా అనుకున్నాడు. ఊరికే వచ్చేవాటికి ఎవరూ లెక్క చూసుకోరు.

కూతురు పిల్లాణ్ణి ఎత్తుకుని లేచి వచ్చింది. జాలి ఒక పక్క, కోపం ఒక పక్క. "మరి నాతో చెప్పొద్దా అమ్మా? వాణ్ణి నీ చేతుల్లో పెట్టేముందు? ఇవాళ నేను రాకపోయి ఉంటే?"

"చెప్తే ఇచ్చేదానివా?"

కూతురు పిల్లాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"ఇచ్చేదానివి కాదు. నాకు వాడు కావాలనిపించింది. మంట దగ్గర నిలబడి కాపలా కాస్తే సరిపోతుందనుకున్నాను. ఇవాళ వీడు ఏడిస్తే వెళ్లాను, ఎత్తుకుని జోకొట్టి పడుకోబెట్టాను, పాల సంగతి మర్చిపోయాను. అది నా తప్పే. మీ నాన్న అన్నది నిజమే, దాన్ని నేను ఇంకొకరి మీదికి నెట్టను."

"నేనన్నది నిజం కాదు" అన్నాడు మేస్త్రి. పీట మీదే కూర్చుని జెట్టుని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. అలవాటుగా కిటికీ వైపు ఎత్తాడు. బెజ్జంలోంచి వెలుగు గుండ్రంగా, అంచు చెదరకుండా కనిపించింది. ఆ బెజ్జానికి ఏ గాయమూ లేదు.

ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లి పిల్లాడి కాలు పట్టుకుంది. ఎత్తుకుంటానని అడగలేదు.

"ఒక్కటి చెప్పు" అంది. "వీణ్ణి మొదటిసారి నా ఒళ్లో పెట్టినప్పుడు అందరూ తల వాసన చూస్తూ మురిసిపోయారు. నేనూ చూసినట్టే చూశాను. ఎలా ఉంటుందే అది?"

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లాడి మాడు మీద మొహం పెట్టింది. చెప్పాలని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని గట్టిగా పీల్చింది. "పాలు... పాల వాసనమ్మా. ఎండలో ఆరేసిన దుప్పటి ఉంటుందే, వెచ్చగా, అలా..." ఆగింది. మళ్లీ పీల్చింది. మొహం మారిపోయింది.

"ఏమిటే?"

"పెట్రోల్" అంది కూతురు. "జుట్టులోంచి పెట్రోల్ వస్తోంది. రోజూ నేను సాయంత్రం స్నానం చేయిస్తాను కదా, తెలియలేదు. మధ్యాహ్నం వచ్చినప్పుడు ఇల్లంతా అదే కంపు కాబట్టి తెలియలేదు."

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి ఒక్కసారిగా నేల మీద కూలబడింది. తన ముక్కు పోయినందుకు ఆవిడ ఏడవలేదు. వీధిలో అన్ని మాటలు పడ్డప్పుడు ఏడవలేదు. ఇప్పుడు చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఊయల తానే తెచ్చి బల్ల పక్కన వేసింది. తన ముక్కు పోయిన దారినే వీడికీ వేసింది.

మేస్త్రి దిగి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. తప్పయిందే అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆయన దగ్గర లేదు. పోయినదానికి ఆ మాట చాలదని ఆయనకీ తెలుసు. డాక్టరుకి చూపిద్దామన్నాడు, వస్తుందేమో అన్నాడు. వస్తే రానీ, రాకపోతే పోనీ అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. కూతురు కూడా కింద కూర్చుని పిల్లాణ్ణి మెల్లగా అమ్మ ఒళ్లో పెట్టింది. కాసేపు నలుగురూ నేల మీదే ఉన్నారు. సంచి సగం నిండి అలాగే ఉంది.

"మేస్త్రీ" అని బయటినుంచి మీటరాయన మళ్లీ పిలిచాడు. "మీ కంప్రెసర్ నిద్రపోయిందా ఏమిటి?"

ఆవిడ తలెత్తింది. పిల్లాణ్ణి కూతురికి అందించి లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపుకుంది.

"నేను పని మానను" అంది. "జెట్టు చూసే కన్ను నాకింకా ఉంది. కానీ ఇంట్లో చెయ్యను, నోటితో ఊదను. షాపు వెనక రేకుల కింద గాలి ఆడుతుంది, నా బల్ల అక్కడ వెయ్యండి. గాలి మెషిన్ రేపు రావాలి, ఎల్లుండి కాదు. అది వచ్చేదాకా మీ షాపులో ఒక్క కార్బొరేటర్ విప్పకూడదు. గ్యాస్ పోతే కూతపెట్టే డబ్బా ఏదో అమ్ముతారట, టైలరమ్మ చెప్పింది, అదీ తెచ్చి పొయ్యి పక్కన గోడకి కొట్టండి. ఈ గది కడిగి, సున్నం వేసి, వాసన పోయిందని నా కూతురు చెప్పాకే పిల్లాడు మళ్లీ ఇక్కడికి వస్తాడు. అందాకా తీసుకెళ్లనీ." ఆగి, కూతురి వైపు తిరిగింది. "తీసుకెళ్లు. మళ్లీ తీసుకురా."

కూతురు తల ఊపింది.

"ముందు బయటికెళ్లి ఆయనకి చెప్పండి" అంది మేస్త్రితో. "బండి ఇవాళ కాదని చెప్పండి. ఎందుకు కాదో కూడా చెప్పండి. లోపలున్నది మెషిన్ కాదని చెప్పండి."

మేస్త్రి గుమ్మంలోకి వెళ్లాడు. ఆయన చెప్పేది లోపలికి సరిగా వినపడలేదు. మీటరాయన నవ్వు మాత్రం మధ్యలో తెగిపోవడం వినపడింది.

ఆయన తిరిగి వచ్చేసరికి ఆవిడ బల్లని గోడనుంచి లాగి గది మధ్యకి తెచ్చింది. పెట్రోల్ డబ్బా మూత బిగించి గుమ్మం అవతల పెట్టింది.

"చెప్పారా?"

"చెప్పాను."

"అయితే అలా నిలబడకండి. ఆ కొస పట్టుకోండి. ఈ బల్ల ఇప్పుడే బయటికి పోవాలి."